నీటిలో తడిసిన మందుల చీటీ

2024 సెప్టెంబరు మొదటి రోజులను విజయవాడ వాసులు అంత త్వరగా మరచిపోలేరు. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణానది 11 లక్షల క్యూసెక్కులకు పైబడి ప్రవహించింది. ఆహారాన్ని, మంచినీటిని, మందులను డ్రోన్ల ద్వారా మేడలపైకి చేరవేసిన దృశ్యాలను మనమంతా చూశాం.

వరద తీసిన తరువాత, బురద ఇంకా ఆరని ఒక వీధిలో మేము ఒక పెద్దావిడను కలిశాం. ఆమెకు చాలాకాలంగా మధుమేహం, రక్తపోటు రెండూ ఉన్నాయి. "ఇల్లు కడుక్కుంటాం బేటా, బియ్యం ఎవరో ఒకరు ఇస్తారు. నా గోళీల చీటీయే పోయింది. పొద్దున వేసుకునేది తెల్లది, రాత్రిది గులాబీ రంగుది. వాటి పేర్లు నాకేం తెలుసు?" అన్నారామె. అప్పటికి రెండు వారాలుగా ఆమె ఏ మందూ వేసుకోలేదు. నొప్పి లేదు గనుక ఎవరికీ చెప్పలేదు కూడా.

ఆ మాట మమ్మల్ని చాలాకాలం వెంటాడింది. నేడు వైద్యశాస్త్రం వేలి కొన నుండి తీసిన ఒక్క రక్తపు చుక్కతో నిమిషం లోపల చక్కెర పాళ్లు చెప్పగలుగుతోంది. అయినా ఒక కాగితం తడిసిపోతే ఒక మనిషి చికిత్స మొత్తం ఆగిపోతోంది. లోపం ఎక్కడ ఉంది? ఈ ప్రశ్నకు సమాధానం మన డెల్టా ప్రాంతంలోనే జరిగిన కొన్ని పరిశోధనలలో దొరుకుతుంది.

మరణాలు చెప్పిన సత్యం

కొల్లేటికి ఆవలనున్న గోదావరి జిల్లాలకూ, ఈవల కృష్ణా తీరానికీ జీవన విధానంలో పెద్ద తేడా లేదు. అదే వరి అన్నం, అవే ఊరగాయలు, అవే కాలువ గట్లు. ఆ ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, సుమారు 1 లక్షా 80 వేల జనాభా మధ్య, పరిశోధకులు ఒక సంవత్సర కాలంలో సంభవించిన ప్రతి మరణాన్నీ నమోదు చేశారు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం పేరిట జరిగిన ఈ అధ్యయనంలో శిక్షణ పొందిన కార్యకర్తలు మృతుల ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల లక్షణాలను కుటుంబ సభ్యులను అడిగి వ్రాసుకున్నారు. వాటిని బట్టి వైద్యులు మరణ కారణాన్ని నిర్ధారించారు.

2006లో ప్రచురితమైన ఫలితాలు పల్లెలను గురించి మనకున్న అభిప్రాయాన్ని తారుమారు చేశాయి. నమోదైన 1,354 మరణాలలో దాదాపు మూడింట ఒక వంతు గుండెపోటు, పక్షవాతం వంటి రక్తప్రసరణ సంబంధమైన వ్యాధుల వల్ల కలిగినవే. అంటువ్యాధుల వాటా 12 శాతం మాత్రమే. పట్టణాలలోని సంపన్నుల జబ్బులని మనం భావించినవి పొలం గట్టు మీదకు ఎప్పుడో వచ్చి చేరాయన్నమాట.

దేశవ్యాప్త చిత్రం కూడా ఇదే చెబుతోంది. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని అంచనా ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతోనూ, 31 కోట్లకు పైగా ప్రజలు అధిక రక్తపోటుతోనూ జీవిస్తున్నారు. మరో 13 కోట్ల 60 లక్షల మంది మధుమేహపు వాకిట నిలబడి ఉన్నారు. మన వీధిలో, మన మస్జిదు వరుసలో, మన ఇంటి దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నవారిలో ఈ లెక్కలోకి వచ్చేవారు తప్పక ఉంటారు.

పరికరం చేయగలిగింది, చేయలేనిది

వ్యాధి ఇంత వ్యాపించినప్పుడు వైద్యుని కోసం రోగి వెళ్లడం కాక, పరీక్షయే రోగి ఇంటికి రావాలి. ఈ ఆలోచనతో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రయోగం చేశారు. దాని పేరు స్మార్ట్‌హెల్త్. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాలలో ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ కంప్యూటర్లు ఇచ్చారు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి వయసు, రక్తపోటు, చక్కెర, పొగ త్రాగే అలవాటు వంటి వివరాలను అందులో నమోదు చేస్తుంది. ఆ వ్యక్తికి గుండెజబ్బు వచ్చే ప్రమాదం ఎంత ఉన్నదో అందులోని యాప్ లెక్కగడుతుంది. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారి వివరాలు ఆరోగ్య కేంద్రంలోని డాక్టరుకు చేరతాయి. ఏ మందు మొదలుపెట్టాలన్న విషయంలో డాక్టరుకు కూడా యాప్ సూచన చేస్తుంది.

ఈ ప్రయోగం కోసం 40 ఏళ్లు నిండిన 62 వేల మందికి పైగా పరీక్షలు చేశారు. వారిలో సుమారు 8,600 మంది అధిక ప్రమాదంలో ఉన్నట్లు తేలింది. వారిని రెండేళ్ల పాటు గమనించారు. ఫలితం 2019లో ప్రచురితమైంది. కార్యకర్తలు కొత్త పరికరాన్ని శ్రద్ధగా వాడారు, ఇళ్లకు వెళ్లారు, పరీక్షలు చేశారు. కాని అసలు ప్రశ్నకు, అంటే రోగుల రక్తపోటు అదుపులోకి వచ్చిందా అన్న ప్రశ్నకు, పరిశోధకులు నిజాయితీగా ఇచ్చిన సమాధానం ఇది: పరికరం ఉన్న దశకూ, లేని దశకూ చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

దీనిని వైఫల్యమని కొట్టివేయడం సరికాదని మా అభిప్రాయం. ఇది చాలా విలువైన పాఠం. యాప్ హెచ్చరించగలదు గాని డాక్టరు లేనిచోట డాక్టరును సృష్టించలేదు. మందు నిండుకున్న అలమరలో మందు నింపలేదు. తెల్లవారగానే లేచి మాత్ర నోట వేసుకునే పనిని మన తరఫున చేయలేదు. పరీక్షకూ ఆరోగ్యానికీ మధ్య పొడవైన గొలుసు ఉంది. అందులో ఏ ఒక్క లంకె తెగినా మొదటి లంకె ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదు.

గొలుసు తెగనిచోట

గొలుసు తెగకుండా చూసినచోట ఫలితాలు ఎలా ఉన్నాయో కూడా చూద్దాం. 2017 నవంబరులో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి విడతలో అమలైన ఐదు రాష్ట్రాలలో మన పొరుగునున్న తెలంగాణ ఒకటి. అందరికీ ఒకే సరళమైన చికిత్సా క్రమం, ఆరోగ్య కేంద్రాలలో మందుల నిల్వ, ఒకేసారి నెల రోజులకు సరిపడా మాత్రలు, ఇంటికి దగ్గరలోనే తిరిగి పరీక్ష, రానివారికి ఫోను చేసి గుర్తుచేయడం — ఇవే ఆ కార్యక్రమపు స్తంభాలు. ఫోనులో ఒక చిన్న యాప్ ఉంటుంది. అది వైద్యం చేయదు. ఈ నెల ఎవరు రాలేదో మాత్రం చెబుతుంది. ఈ కృషికి 2022లో ఐక్యరాజ్య సమితి పురస్కారం లభించింది.

చికిత్సలోనూ ఇటువంటి సరళత వైపే పరిశోధన సాగుతోంది. ఇరాన్‌లోని గులిస్తాన్ ప్రాంతపు పల్లెలలో 6,800 మందికి పైగా ప్రజలతో ఐదేళ్ల పాటు ఒక పరిశోధన జరిగింది. రక్తపోటు తగ్గించేవి రెండు, కొలెస్టరాల్ తగ్గించేది ఒకటి, ఆస్పిరిన్ — ఈ నాలుగింటినీ ఒకే మాత్రలో కలిపి రోజుకొకటి చొప్పున ఇచ్చారు. 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆ మాత్ర అందుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఆపదలు సుమారు మూడింట ఒక వంతు తగ్గాయి. మాత్రను క్రమం తప్పకుండా వేసుకున్నవారిలో తగ్గుదల ఇంకా ఎక్కువ. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి మిశ్రమ మాత్రలను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. అయితే ఇవి దుకాణంలో అడిగి తెచ్చుకుని వాడవలసినవి కావు. ఆస్పిరిన్ కొందరిలో రక్తస్రావానికి దారితీస్తుంది. ఎవరికి తగునో నిర్ణయించవలసింది వైద్యుడే.

చీటీ ఎక్కడ భద్రం?

ఇక ఆ పెద్దావిడ చీటీ సంగతి. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ప్రతి పౌరుడూ 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్యను పొందవచ్చు. దీనినే ఆభా అంటున్నాం. ఆసుపత్రి నివేదికలను, మందుల చీటీలను దీనికి జతపరచుకుంటే కాగితం తడిసినా, ఊరు మారినా అవి పోవు. మన అనుమతి లేనిదే మరొకరికి వాటిని చూపడానికి వీలులేదన్నది దాని నియమం. ఆరోగ్య ఉపకేంద్రంలో కూర్చున్న రోగిని దూరాన ఉన్న వైద్యునితో మాట్లాడించే ఈ-సంజీవని సేవను 2019 నవంబరులో దేశంలో మొట్టమొదట అమలు చేసిన రాష్ట్రం కూడా ఆంధ్రప్రదేశే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన ఇళ్లలో పెద్దల ఫోన్లు సాధారణంగా పిల్లల చేతుల్లో ఉంటాయి. తల్లి అనారోగ్య వివరం ఆమె అమానతు. ఆమెను అడగకుండా దానిని బంధువుల వాట్సాప్ బృందంలో పెట్టడం, తెలియనివారు ఫోను చేసి అడిగితే ఓటీపీ చెప్పివేయడం ఆ అమానతులో ఖియానత్ చేయడమే అవుతుంది.

రమజాన్ ముందరి పరీక్ష

ఈ గొలుసు మన సమాజంలో ప్రత్యేకంగా తెగే కాలం ఒకటుంది. అది రమజాన్ మాసం. 13 దేశాలలో 12 వేల మందికి పైగా మధుమేహ రోగులను 2001లో పరిశీలించిన ఎపిడియార్ అధ్యయనంలో, రెండవ రకం మధుమేహం ఉన్నవారిలో నూటికి 79 మంది కనీసం 15 రోజాలు పాటించినట్లు తేలింది. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయిన సంఘటనలు మాత్రం వారిలో మిగతా నెలలతో పోలిస్తే ఏడున్నర రెట్లు పెరిగాయి.

ఆ తరువాత అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, రమజాన్ మధుమేహ నిపుణుల కూటమితో కలిసి 2016లో మార్గదర్శకాలను రూపొందించి, 2021లో వాటిని సవరించింది. వాటి సారం ఇది. రమజాన్‌కు ఆరు నుండి ఎనిమిది వారాల ముందే వైద్యుని కలవాలి. గత మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష, మూత్రపిండాల స్థితి, వాడుతున్న మందులు చూసి వైద్యుడు ప్రమాద స్థాయిని లెక్కగడతారు. రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ ఒక్కటే నమ్మదగినది కాకపోవచ్చు గనుక ఆ సంగతి కూడా చెప్పాలి. ప్రమాదం తక్కువగా ఉన్నవారికి మందుల వేళలు, మోతాదులు సహెరీకి, ఇఫ్తారుకు తగినట్లుగా మారుస్తారు. రోజా సమయంలో చక్కెర 70కి తగ్గినా, 300 దాటినా వెంటనే ఉపవాసాన్ని విరమించాలి.

వేలిని గుచ్చి రక్తం చూసుకుంటే రోజా భంగమవుతుందన్న భయంతో చాలామంది పరీక్షనే మానివేస్తున్నారు. పరీక్ష కోసం వేలిని గుచ్చి రక్తం తీయడం వల్ల రోజా భంగం కాదు. రోగికి రోజా విషయంలో సడలింపును ప్రసాదించినది స్వయంగా దివ్య ఖుర్ఆన్. తగ్గే జబ్బయితే తరువాతి రోజులలో పూర్తిచేసుకోవడం, తగ్గనిదైతే నిరుపేదకు అన్నం పెట్టడం అనే మార్గాలు మనకున్నాయి. అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటును స్వీకరించడం విశ్వాసంలో లోపం కాదు.

మన వంతు

ఖర్చు లేకుండా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లో 30 ఏళ్లు దాటిన ప్రతివారికీ ఏడాదికొకసారి రక్తపోటు, చక్కెర చూపించాలి. బీపీ చూపించుకునే ముందు ఐదు నిమిషాలు నిమ్మళంగా కూర్చోవాలి. పెద్దల మందుల పేర్లు, మోతాదులు ఇంట్లో మరొకరికి తెలిసి ఉండాలి. చీటీకి ఫోటో తీసి ఉంచాలి. బీపీ తగ్గింది కదా అని మాత్ర మానకూడదు. తగ్గినది ఆ మాత్ర వల్లనే. మస్జిదు కమిటీలు షాబాన్ మాసంలో ఒక జుమా రోజున స్థానిక వైద్యుల సహాయంతో పరీక్షా శిబిరం జరపవచ్చు. అయితే శిబిరం పెట్టి ఊరుకుంటే చాలదు. ఎక్కువ పాళ్లు కనబడినవారి పేర్లు వారి అనుమతితో వ్రాసుకుని, నెల తరువాత వారు డాక్టరు వద్దకు వెళ్లారా అని కనుక్కునే బాధ్యత ఒకరు తీసుకోవాలి. పశ్చిమ గోదావరి పల్లెలు నేర్పిన పాఠం ఇదే.

2025 రమజాన్ మొదలయ్యే ముందు మేము ఆ పెద్దావిడ ఇంటికి మళ్లీ వెళ్లాం. గోడ మీద నీటి గీత అలాగే ఉంది. కోడలు తన ఫోనులో అత్తగారి మందుల పట్టిక చూపించింది. ఈసారి రోజాలు వద్దని డాక్టరు చెప్పారట. "మొదట ఏడ్చాను బేటా. తరువాత ఇమాం సాహెబుతో మాట్లాడాను. రోజూ ఒక బీద మనిషికి నేనే వండి పెడతాను" అన్నారామె. మాటల మధ్యలో కోడలు మంచినీళ్ల గ్లాసు, మాత్ర తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది.

ఏ జబ్బుకైనా అల్లాహ్ చికిత్సను కూడా సృష్టించాడని దైవప్రవక్త (స) మనకు బోధించారు. ఆ చికిత్సను వెదకడం పరిశోధకుల పని. దొరికినదాన్ని రోగి చేతిదాకా చేర్చడం ప్రభుత్వం, వైద్యుల పని. చేతి నుండి నోటి దాకా ఉన్న ఆ చివరి జానెడు దూరం మాత్రం కుటుంబానిది. ఆ దూరాన్ని దాటించే శ్రద్ధను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.