పోత గుండు.. కొలత తప్పితే గండం
తూటాలో మందు ఎంత? నమ్మదగిన పట్టిక చూడకుంటే రైఫిలే పగిలే ప్రమాదం

పేలిన తూటా నుంచి మిగిలిన ఇత్తడి డొల్లను పారవేయక, దానిలో మళ్లీ మందు నింపి, ఇంట్లోనే పోత పోసిన సీసపు గుండును బిగించి వాడుకొనే అలవాటు అమెరికాలో తరతరాలుగా ఉంది. వేటగాళ్లు, గురి పోటీలలో పాల్గొనేవారు దీనిని వారాంతపు వ్యాపకంగా చేసుకొంటారు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కనుక ఇది ఇక్కడివారు ఇంట్లో ప్రయత్నించదగిన పని కాదు. అయితే అమెరికాలో స్థిరపడి, పొరుగువారిని చూసి ఈ వ్యాపకం వైపు మొగ్గే మనవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఏ గుండుకు, ఏ మందు, ఎంత? ఈ చిన్న ప్రశ్నకు తప్పుడు సమాధానం దొరికితే ముఖానికి జానెడు దూరంలో ఉక్కు గొట్టం పగులుతుంది.

గురిగింజలో సగం తేడా

తుపాకీ మందును అక్కడ గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. మన కంసాలులు బంగారం తూచిన గురిగింజ బరువు సుమారు 120 మిల్లీగ్రాములు. అంటే గురిగింజలో సగం పాటి తేడా ఒక గ్రెయిన్ అన్నమాట. వేగంగా మండే మందు విషయంలో ఆ ఒక్క గ్రెయిన్ కూడా పీడనాన్ని గణనీయంగా పెంచగలదు. సర్వసాధారణమైన 30-06 తూటాకు అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ ‘సామీ’ నిర్ణయించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 60,000 పౌనులు. అది దాటకుండా చూసుకొనే సాధనం ఇంట్లో ఉండదు. ప్రయోగశాలలో కొలిచి అచ్చు వేసిన పట్టికే ఆధారం.

రాగి తొడుగు లెక్క సీసానికి కుదరదు

అంగడిలో దొరికే రైఫిల్ గుండ్లకు సాధారణంగా రాగి మిశ్రమపు తొడుగు ఉంటుంది. పోత గుండుకు ఆ తొడుగు ఉండదు. అది మెత్తన. గొట్టంలోని మెలి గాడుల కొలత కన్నా అంగుళంలో వెయ్యో వంతు, రెండు వెయ్యో వంతులు లావుగా ఉండాలి. లేకుంటే వేడి వాయువులు పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని కోస్తాయి. ఆ సీసం గొట్టం లోపల అతుక్కొని గురి చెడుతుంది. అందుకే గుండుకు తేనె మైనం కలిసిన కందెన పూస్తారు. వేగం పెంచాలంటే అడుగున ‘గ్యాస్ చెక్’ అనే చిన్న రాగి గిన్నె తొడుగుతారు. అదీ ఉన్నా సెకనుకు 2,000 అడుగుల ప్రాంతంలోనే చాలామంది ఆగిపోతారు. తొడుగు గుండ్లు 30-06 రైఫిల్‌లో 2,700 అడుగులు దాటి వెళ్తాయి. ఒకదాని పట్టికను మరొకదానికి వాడరాదనడానికి ఈ తేడా ఒక్కటే చాలు. పైగా ప్రతి పట్టికా ఒక గుండు బరువును, పొడవును, అది డొల్లలో దిగిన లోతును లెక్కలోకి తీసుకొని తయారైనది. వాటిలో ఏది మారినా పీడనం మారుతుంది.

లోహం సంగతీ అంతే. స్వచ్ఛమైన సీసం మరీ మెత్తన కనుక తగరం, ఆంటిమొని కలుపుతారు. లైమన్ సంస్థ పేరుతో ప్రసిద్ధమైన 2వ నంబరు మిశ్రమంలో నూటికి 90 పాళ్లు సీసం, 5 తగరం, 5 ఆంటిమొని. ఒకప్పుడు అక్కడివారు పత్రికా కార్యాలయాలలోని లైనోటైపు లోహాన్ని కూడా కరిగించి వాడుకొనేవారు. మన ముద్రణాలయాలలో ఆఫ్‌సెట్ రాకముందు కంపోజిటర్లు ఒక్కొక్కటిగా కూర్చిన సీసపు అక్షరాలూ ఈ మూడు లోహాల కలయికే. లైనోటైపు లోహం గట్టిది, తేలికైనది. కనుక ఒకే అచ్చులో పోసినా మిశ్రమాన్ని బట్టి గుండు బరువు మారుతుంది. పట్టికలో మిశ్రమం పేరు ఎందుకు రాస్తారో దీనితో బోధపడుతుంది.

ఒకే తూటా.. మూడు పట్టికలు

అసలు ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందో చెప్పడానికి 45-70 తూటాను మించిన ఉదాహరణ లేదు. 1873లో అమెరికా సైన్యం ‘ట్రాప్‌డోర్’ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌తో పాటు దీనిని స్వీకరించింది. అది నల్లమందు కాలం. ఆ రైఫిళ్ల లోహమూ, తాళపు నిర్మాణమూ ఆ మందు పీడనానికి తగినట్లే ఉన్నాయి. ఆ తర్వాత పొగలేని మందు వచ్చింది. 45-70 మాత్రం పోలేదు. 1967లో రూగర్ నంబర్ 1, 1972లో మార్లిన్ 1895 కొత్త రూపం రావడంతో బలమైన ఆధునిక రైఫిళ్లలోనూ అదే తూటా వాడుకలోకి వచ్చింది.

ఫలితంగా పుస్తకాలలో ఈ ఒక్క తూటాకే మూడు వేర్వేరు పట్టికలు కనిపిస్తాయి. పాత ట్రాప్‌డోర్ రైఫిళ్లకు ఒకటి, మార్లిన్ వంటి లీవరు రైఫిళ్లకు ఒకటి, రూగర్ వంటి దృఢమైన వాటికి మరొకటి. మూడు రైఫిళ్లలోనూ తూటా ఇట్టే అమరుతుంది. రూగర్ పట్టిక చూసి నింపిన తూటాను తాతల నాటి ట్రాప్‌డోర్‌లో పెట్టి మీట నొక్కితే ఆ పాత ఉక్కు తట్టుకోలేదు. పుట తిరగేసేటప్పుడు పై శీర్షిక చదవకపోవడమే ఇందుకు కారణం కావచ్చు. సామీ ఈ తూటాకు నిర్ణయించిన గరిష్ఠ పీడనం 28,000 పౌనులే. 30-06తో పోలిస్తే సగానికన్నా తక్కువ.

అంకె ఒకటే.. మందు వేరు

పేర్ల తికమక మరో ఉచ్చు. ‘హెచ్ 4831’, ‘ఐఎంఆర్ 4831’ అనే రెండు మందులున్నాయి. అంకె ఒకటే అయినా మండే వేగం ఒకటి కాదు. రెండోది త్వరగా మండుతుంది. హెచ్ 4895, ఐఎంఆర్ 4895 కూడా వేర్వేరు మందులే. రెండో ప్రపంచ యుద్ధానంతరం సైన్యం వద్ద మిగిలిన మందును కొని అమ్మడంతో బ్రూస్ హాడ్గ్‌డన్ వ్యాపారం మొదలైంది. ఆ పేరులోని తొలి అక్షరమే ఈ ‘హెచ్’. 2003 నుంచి ఐఎంఆర్ మందులు కూడా అదే సంస్థ చేతిలోకి వచ్చాయి. పట్టికలో ముందున్న అక్షరాలను వదిలేసి అంకె మాత్రమే గుర్తుపెట్టుకొనేవారికి ఇదే చిక్కు.

పాత పుస్తకాలలో పీడనాన్ని రాగి స్తంభం నలిగిన మేరను బట్టి కొలిచేవారు. నేటి విద్యుత్ సాధనాల కొలతకు దానిని గుణించి మార్చుకొనే సూత్రమేదీ లేదు. వారసత్వంగా వచ్చిన చేతిపుస్తకం చదవడానికి బాగుంటుంది. మందు తూచడానికి కొత్తది కొనుక్కోవాలి.

ఖాళీగా కనిపించే డొల్ల

పోత గుండ్లకు త్వరగా మండే మందును కొద్ది మోతాదులో వాడతారు. పెద్ద డొల్లలో అది అడుగునే ఉండిపోతుంది. మాట్లాడుతూ పొరపాటున రెండోసారి పోసినా పొంగి పొరలదు. అనుభవజ్ఞులు సైతం పట్టుబడేది ఇక్కడే. అందుకే డొల్లలన్నిటినీ చెక్క పలకపై వరుసగా నిలిపి, గుండు బిగించే ముందు మంచి వెలుగులో ఒక్కొక్క దానిలోకి తొంగిచూడాలని అక్కడి పెద్దలు చెబుతారు. మందు కదలకుండా పైన బూరుగుదూది కూరే పద్ధతి కూడా ఉంది. అయితే తూటా గది గోడకు వలయంలా నొక్కు పడుతుందని దీనిపై ఏళ్ల తరబడి వాదులాట సాగుతోంది. పట్టికలో చెప్పనిదే దూది పెట్టకపోవడమే మేలు. మందు తగ్గిస్తే ఎప్పుడూ క్షేమమే అనుకోవడమూ పొరపాటు. హెచ్ 110 వంటి మందును మరీ తగ్గించవద్దని తయారీదారే హెచ్చరిస్తున్నాడు.

ఎక్కడ చూడాలి?

పోత గుండ్లకంటూ ప్రత్యేకంగా కొలిచి అచ్చు వేసిన పుస్తకాలు తక్కువ. వాటిలో ముందు చెప్పుకోవలసింది లైమన్ సంస్థ పోత గుండ్ల చేతిపుస్తకం. 1925లో ఐడియల్ అనే పాత అచ్చుల సంస్థను కొన్నప్పటి నుంచి లైమన్‌కు ఈ విద్యలో పేరుంది. పుస్తకం నాలుగో కూర్పు 2010లో వెలువడింది. మందు తయారీదారులు కూడా తమ పట్టికలను ఉచితంగానే ప్రకటిస్తున్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. లెక్కలు దగ్గరగా ఉంటే సరే. చాలా దూరంగా ఉంటే గుండు, మందు, డొల్ల, ప్రైమర్, గొట్టం పొడవులలో ఏది తేడాగా ఉందో వెతకాలి. లైమన్ అచ్చు సంఖ్యల్లో తొలి మూడంకెలు గుండు వ్యాసాన్ని చెబుతాయి. 311291 అంటే అంగుళంలో వెయ్యికి 311 వంతులు. పట్టికలోని సంఖ్యకూ, చేతిలోని అచ్చు సంఖ్యకూ పొత్తు కుదరాలి.

మిత్రుడి నోటుపుస్తకంలోని అంకె అతని రైఫిల్‌కు సరిపోయి ఉండవచ్చు. దానిని ఆధారంగా తీసుకోరాదు. పట్టికలో తొలి మోతాదు, గరిష్ఠ మోతాదు అని రెండు గడులుంటాయి. తొలి గడితో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచుతూ, గురి కుదిరిన చోట ఆగిపోతారు. పోత గుండ్లలో ఆ చోటు చాలాసార్లు గరిష్ఠానికి ఎంతో కిందనే దొరుకుతుంది.

ఇక సీసం కరిగించేది గాలి ధారాళంగా ఆడే చోట. కరిగిన సీసంలో ఒక్క నీటిబొట్టు పడినా ఆవిరై చిమ్ముతుంది. పని ముగిశాక చేతులు కడగనిదే అన్నం ముట్టరాదు. నింపిన డబ్బాపై మందు పేరు మొదటి అక్షరాలతో సహా, మోతాదు, అచ్చు సంఖ్య, తేదీ, ఏ రైఫిల్‌కు నింపినదో రాసి అతికించాలి. చీటీ ఊడిపోయిన డబ్బాలోని తూటాలను ఏ రైఫిల్‌లోనూ పెట్టరు. విప్పదీసి మందు పారబోస్తారు.