విత్తే ముందు ఒక గోనె సంచి

హోసూరు, కృష్ణగిరి వైపు కానివ్వండి, కోలారు, పావగడ వైపు కానివ్వండి, మన ఇళ్లలో పెళ్లంటే పాలికలు చల్లుతారు. మట్టి మూకుళ్లలో పుట్టమన్ను పోసి, నవధాన్యాలు చల్లి, ముత్తైదువలు నీళ్లు పోస్తారు. గింజలు పచ్చగా మొలిస్తే ఇంటిల్లిపాదికీ సంతోషం. పెళ్లికి చల్లే పిడికెడు గింజలను ఇంత శ్రద్ధగా చూసుకునే మనం, పొలంలో వేసే బస్తా గింజలను మాత్రం చాలాసార్లు చూడకుండానే గొర్రుకు ఎక్కిస్తాం. విత్తనం మొలకెత్తుతుందో లేదో విత్తకముందే ఇంట్లోనే ఎలా తెలుసుకోవచ్చో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

మెట్ట పొలంలో వాన పడ్డాక పదును నాలుగు రోజులుంటే ఎక్కువ. ఆ పదునులో విత్తిన గింజ మొలవకపోతే ఆ సంగతి మనకు తెలిసేసరికి వారం, పది రోజులు గడిచిపోతాయి. అప్పటికి నేల ఆరిపోతుంది, అదను దాటిపోతుంది. మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ వానకోసం చూడాలి. ఎరువు తగ్గితే తర్వాత వేసుకోవచ్చు. కలుపు పెరిగితే తీయించుకోవచ్చు. మొలవని విత్తుకు మాత్రం మందు లేదు.

విత్తనం ఎండి గట్టిగా కనిపించినా అది ప్రాణమున్న వస్తువే. లోపల ఉన్న చిన్న మొక్క నిద్రలో ఉండి, చాలా నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ ఉంటుంది. దాన్ని నిద్రలేపడానికి మూడు కావాలి: నీరు, గాలి, తగినంత వెచ్చదనం. నీరు తగలగానే గింజ ఉబ్బుతుంది. లోపల దాచుకున్న పిండి, నూనె, మాంసకృత్తులు కరిగి మొక్కకు ఆహారమవుతాయి. మొదట వేరు బయటికి వస్తుంది, తర్వాత మొలక పైకి లేస్తుంది. నీరు మరీ ఎక్కువై గింజ మునిగి ఉంటే చాలా పంటల్లో గాలి ఆడక కుళ్లిపోతుంది. నీళ్లు బాగా పోశాం, అయినా మొలవలేదే అని బాధపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నిలవ ఉంచేటప్పుడు విత్తనానికి పెద్ద శత్రువులు తేమ, వేడి. విత్తన శాస్త్రంలో ఒక స్థూలమైన లెక్క ఉంది. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయువు సుమారు రెండింతలవుతుంది. నిలవచేసిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా అంతే. అందుకే విత్తనం బస్తాను పొయ్యి దగ్గరా, రేకుల కప్పు కిందా పెట్టకూడదు. నేలమీద నేరుగా కూడా పెట్టకుండా చెక్క బల్లమీద, గోడకు తగలకుండా పెట్టాలి. వేరుశనగను కాయగానే ఉంచి, విత్తడానికి కొద్ది రోజుల ముందు మాత్రమే ఒలుచుకోవాలి. ఒలిచిన పప్పుకు ఎర్రపొర ఒక్కటే రక్షణ. ఆ పొర చిట్లినా, పప్పు రెండు బద్దలైనా అది విత్తనానికి పనికిరాదు.

ఇక పరీక్ష విషయానికి వద్దాం. దీనికి ఒక గోనె సంచి ముక్క, కాస్త నీరు ఉంటే చాలు. బస్తా పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి తలా పిడికెడు తీసి బాగా కలపండి. అందులోనుంచి 100 గింజలు లెక్కపెట్టండి. మంచివి ఏరవద్దు, చేతికి వచ్చినవి వచ్చినట్లే తీసుకోవాలి. ఏరి పెడితే మనల్ని మనమే మోసం చేసుకున్నట్లు. గోనెను నీటిలో తడిపి, నీళ్లు కారకుండా పిండి, నేలమీద పరవండి. దానిమీద వరుసకు 10 చొప్పున 10 వరుసలు పేర్చండి. పైన మరో తడి గుడ్డ కప్పి, చాపలాగా వదులుగా చుట్టి, నీడలో ఉంచండి. రోజూ ఉదయం, సాయంత్రం చేత్తో నీళ్లు చిలకరిస్తే చాలు. చీమలు, ఎలుకలు రాని చోటు చూసుకోండి. ప్రయోగశాలలో 400 గింజలతో పరీక్ష చేస్తారు. మీరు కూడా వీలైతే ఇలాంటి చుట్టలు రెండు, మూడు పెడితే లెక్క ఇంకా నమ్మకంగా ఉంటుంది.

చివరి లెక్క ఎప్పుడు తీయాలంటే, రాగికి 8 రోజులు, వేరుశనగకు 10 రోజులు, వరి, టమాటా, వంగ, మిరపలకు 14 రోజులు. వేరు, మొలక రెండూ ఆరోగ్యంగా ఉన్నవాటినే లెక్కలోకి తీసుకోవాలి. వేరు రానివి, మొలక తెగినవి, మెలిదిరిగినవి, బూజుపట్టినవి వదిలేయండి. గింజ పగిలి కాస్త తెల్లగా కనిపించినంత మాత్రాన అది మొక్క కాదు.

ధ్రువీకరించిన విత్తనానికి కనీసం ఇంత మొలక ఉండాలని నియమం ఉంది. వరికి 80 శాతం, రాగికి 75, వేరుశనగకు 70, మిరపకు 60. మీ లెక్క దీనికి కొద్దిగా తగ్గితే విత్తనం మోతాదు పెంచి సరిపెట్టుకోవచ్చు. ఉదాహరణకు 70 శాతం మొలిచే వేరుశనగ పప్పు 50 కిలోలు పడుతుందనుకుందాం. మీ పప్పు 60 శాతమే మొలిచింది. 50ని 70తో హెచ్చవేసి 60తో భాగిస్తే సుమారు 58 కిలోలు వస్తుంది. అంటే ఇంకో 8 కిలోలు కావాలి. సగానికి సగం మొలవకపోతే మాత్రం ఆ విత్తనాన్ని వదులుకోవడమే మేలు. మొలిచిన సగం కూడా నీరసంగా ఉండి, ఎండకు, తెగుళ్లకు తట్టుకోలేదు.

ఒక్కొక్కసారి విత్తనం మంచిదైనా మొలవదు. తీగ వేరుశనగ రకాలకు కోసిన తర్వాత కొన్ని వారాలు నిద్ర ఉంటుంది. గుత్తి రకాలకు ఆ నిద్ర చాలా తక్కువ. కోతకు ముందు వాన పడితే చేలోనే మొలకెత్తడం మీరు చూసే ఉంటారు. కొత్త తీగ రకం మొలవలేదని వెంటనే పారేయకుండా, కొన్నాళ్లు ఆగి మళ్లీ పరీక్షించండి.

వరికైతే గింజలను ఒక రోజు నానబెట్టి, నీరు వంచి, తడి గోనెలో మండె కట్టి మరో రోజు ఉంచుతాం. మండె లోపల వేడి పెరుగుతుంది కనుక మధ్యలో కలియబెట్టాలి, లేకుంటే నడుమనున్న మొలకలు ఉడికిపోతాయి. పెరటిలో వేసే కాకర గింజల పెంకు గట్టిది. రాత్రంతా నానబెట్టి తెల్లవారి పెట్టుకోండి. మిరప, వంగ, తోటకూర లాంటి చిన్న గింజలను లోతుగా పూడ్చవద్దు. గింజ మందానికి రెండు, మూడింతల లోతు చాలు. వేరుశనగ పప్పును మాత్రం గంటల తరబడి నీళ్లలో వేయకండి, పొర ఊడి బద్దలు విడిపోతాయి.

కొన్న విత్తనమైతే సంచి చీటీ చూడండి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ, ఫౌండేషన్ విత్తనానికి తెల్ల చీటీ ఉంటాయి. చీటీ కన్నడంలోనో, తమిళంలోనో, ఇంగ్లీషులోనో ఉంటే బడికి వెళ్లే పిల్లలచేత చదివించుకోండి. రకం పేరు, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ అడగండి. రసీదు, చీటీ, ఖాళీ సంచి, కాసిని గింజలు పంట ఇంటికి వచ్చేదాకా దాచండి. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే అని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు వేసింది ఆంధ్రప్రదేశ్ రైతులే. వినియోగదారుల కమిషనుకు వెళ్లాలన్నా, వ్యవసాయాధికారికి ఫిర్యాదు చేయాలన్నా చేతిలో ఆ కాగితాలుండాలి. ఒక హెచ్చరిక: మందు పట్టించిన విత్తనాన్ని తినకూడదు, కోళ్లకు, పశువులకు వేయకూడదు. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఈ పరీక్షను విత్తడానికి మూడు వారాల ముందే చేయండి. అప్పుడు లెక్క తేడా వచ్చినా, వేరే విత్తనం వెతుక్కోవడానికి వ్యవధి ఉంటుంది. మబ్బు పట్టాక గోనె తడిపితే లాభం లేదు. ఈ సాయంత్రమే విత్తనం బస్తా విప్పి, 100 గింజలు లెక్కపెట్టండి.