16.5 మిల్లీమీటర్ల చెలిమి

1935లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో మోడల్ రైళ్లు చేసుకునేవాళ్లు కొందరు సమావేశమయ్యారు. వాళ్ల ముందున్న సమస్య పైకి చాలా చిన్నది. ఒక కంపెనీ చేసిన పెట్టె ఇంకో కంపెనీ పట్టాల మీద సరిగ్గా నడవదు. ఒకరి చక్రం అంచు మందం, మరొకరి పట్టాల మధ్య సందు, ఇంకొకరి కప్లింగ్ ఎత్తు, ఏ రెండూ కలవవు. ఎవరి బండి వాళ్లింట్లోనే గిరగిరా తిరగాలి. ఆ సమావేశంలో పుట్టిన జాతీయ మోడల్ రైల్‌రోడ్ సంఘం అందరికీ పనికొచ్చే కొలతల పట్టిక తయారుచేయడానికి పూనుకుంది. పక్కింటి ఇంజను మనింటి పట్టాలెక్కాలంటే ఇద్దరూ ఒక కొలతకు ఒప్పుకోవాలి, ఒప్పుకోవాలంటే కూర్చుని మాట్లాడుకోవాలి. మోడల్ రైళ్లవాళ్లు ఎక్కడ కలిసినా తెగని కబుర్లు, వాదనలు, పరిచయమైన గంటకే కుదిరే చనువు చూసి, అదంతా అభిరుచికి తోడుగా వచ్చిన కాలక్షేపమని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. ఆ మాటలు లేకపోతే ఆ రైలు కదలదు. ఆ స్నేహం ఆ పని అడిగే అవసరం.

లెక్క వేస్తే ఇది తేలిపోతుంది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ కొలతలో అసలు రైలు 87వ వంతుకు తగ్గుతుంది, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు ఉంటుంది. మన ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె బఫర్లతో కలిపి 22 మీటర్ల పైచిలుకు. హెచ్‌ఓలో అది పాతిక సెంటీమీటర్లవుతుంది. ఇరవై పెట్టెల ఎక్స్‌ప్రెస్ కట్టాలంటే బండి ఒక్కటే 5 మీటర్లు దాటుతుంది. అది ఆగే ప్లాట్‌ఫారం, తిరిగే వంపు, స్టేషనుకు అటూ ఇటూ యార్డు కూడా కలిపితే హైదరాబాదులో రెండు పడకగదుల ఫ్లాటు మొత్తం ఖాళీ చేసినా చాలదు. ఒక్కడి వల్ల కాని పని ఇది. యూరప్‌లో ఫ్రెమో అనే బృందం దీనికి చక్కటి దారి చూపింది. ఒక్కొక్కరు తమ ఇంట్లో ఒక్కో ముక్క కడతారు. ఒకరిది స్టేషను, ఒకరిది వంతెన, ఒకరిది ఉత్త పొలాల మధ్య సాగే లైను. తర్వాత అందరూ ఏదో పెద్ద హాలులో కలుస్తారు. ప్రతి ముక్క చివరి పలక కొలత, బోల్టు రంధ్రాల చోటు ముందే ఖరారై ఉంటాయి కాబట్టి, అంతకుముందు ముఖాలు చూసుకోని ఇద్దరి పట్టాలు అతుక్కుంటాయి. జపాన్‌లో మొదలైన టీ-ట్రాక్ దీన్ని ఇంకా చిన్నది చేసింది. అడుగు వెడల్పు పెట్టె మీద చిన్న ఊరు కట్టుకుని, బల్ల మీద పక్కవాళ్ల ఊరికి తగిలించడమే. అపార్ట్‌మెంటు బతుకులకు ఇంతకన్నా అనువైన ఏర్పాటు నాకు కనిపించలేదు.

బండ్లు నడిపే రోజు చూస్తే మాటకున్న పని ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఈ అభిరుచిలో ముదిరినవాళ్లు రైలును ఊరికే గుండ్రంగా తిప్పరు, నిజం రైల్వేలాగే నడుపుతారు. గోడ గడియారం వేగంగా తిరిగేలా అమర్చి ఉంటుంది, ఒక రోజు టైంటేబుల్ కొన్ని గంటల్లో ముగుస్తుంది. ప్రతి వ్యాగన్‌కూ ఒక చిన్న కార్డు ఉంటుంది. అది ఎక్కడ సరుకు ఎక్కించుకోవాలో, ఏ సైడింగులో దించాలో ఆ కార్డు చెబుతుంది. కార్డు పట్టుకుని పట్టా వెంట నడిచే మనిషి పాయింట్లు మార్చుకుంటూ, వ్యాగన్ విడదీసి లోపలికి తోసి, ఖాళీది బయటికి లాక్కుని, ముందు స్టేషన్లో లూప్ లైను ఖాళీగా ఉందా అని కంట్రోలర్ని అడుగుతాడు. ఎదురుగా వచ్చే ప్యాసింజరు దాటేదాకా ఆగమంటే ఆగాలి. ఆ ఆగిన వేళలోనే అసలు కబుర్లు పుడతాయి. కాలిఫోర్నియాలోని మాంటెరీలో జాన్ అలెన్ అనే ఫొటోగ్రాఫర్ ఇంటి కింది గదిలో ఇలాంటి రైల్వే కట్టాడు. నేల నుంచి పైకప్పు దాకా కొండలు, లోయలు, వంతెనలు. 1973 జనవరిలో ఆయన పోయారు. కొద్ది రోజులకే అగ్నిప్రమాదం వచ్చి ఆ రైల్వే దాదాపు మొత్తం కాలిపోయింది. అయినా ఆయన పద్ధతులు ఇవాళ్టికీ బతికున్నాయి. ఆయన తీసిన ఫొటోలు, రాసిన వ్యాసాలు, వచ్చి ఆ బండ్లు నడిపిన మిత్రుల జ్ఞాపకాలు వాటిని కాపాడాయి.

మాటల వల్ల ఏమొస్తుంది అనేవాళ్లకు మరో ఉదాహరణ. అమెరికాలోని ఎంఐటీలో విద్యార్థుల మోడల్ రైల్‌రోడ్ క్లబ్ 1946లో మొదలైంది. కొందరికి కొండలు, ఇళ్లు, రంగులంటే ఇష్టం. ఇంకొందరు బల్ల కిందే ఉండిపోయేవారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల రిలేలతో, వైర్ల చిక్కుముడులతో ఏ పట్టాకు ఎప్పుడు కరెంటు వెళ్లాలో తేల్చే పని వాళ్లది. ఒకరు కట్టిన సర్క్యూట్‌ను ఇంకొకరు విప్పి బాగుచేయడం అక్కడ మర్యాదే. ఆ అలవాటుతోనే వాళ్లు ఎంఐటీ కంప్యూటర్ల గదిలోకి అడుగుపెట్టారు. 1962లో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు కలిసి చేసిన స్పేస్‌వార్ తొలి కంప్యూటర్ ఆటల్లో ఒకటి. ఆ ఆటకు చేతిమీటలు కావలసివస్తే, క్లబ్ గదిలో దొరికిన సామానుతోనే చేసుకున్నారు. పక్కవాడి పనిలో చెయ్యి పెట్టొచ్చు, తన పనిలో తప్పు చూపించినా కోపం తెచ్చుకోకూడదు అనే సంప్రదాయం బల్ల కింద నేర్చుకున్న పాఠం.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. స్నేహం అంటున్నారు, మరి అక్కడ జరిగేది సగం సేపు తప్పులెన్నడమే కదా అని. నిజమే, రివెట్లు లెక్కపెట్టేవాళ్లని వాళ్లలో వాళ్లే దెప్పుకుంటారు. బ్రిటన్ వ్యవహారం చూడండి. అక్కడి ఇంజన్లు సైజులో చిన్నవి, 87వ వంతుకు తగ్గిస్తే ఆనాటి మోటార్లు లోపల పట్టలేదు. దాంతో బండిని 76వ వంతుకు పెంచి, పట్టాలు మాత్రం 16.5 మిల్లీమీటర్లలోనే ఉంచేశారు. ఆ లెక్కన పట్టాల మధ్య దూరం 4 అడుగుల ఒకటిన్నర అంగుళమే, అసలుది 4 అడుగుల ఎనిమిదిన్నర. ఈ ఏడంగుళాల గురించి తరాల తరబడి వాదించుకుంటున్నారు. 18.2 అన్నవాళ్లొక జట్టు, 18.83 కావాలన్నవాళ్లు ఇంకో జట్టు. భారతీయ రైళ్లు చేసేవాళ్లకూ ఇదే తలనొప్పి. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో 19.3 దాకా రావాలి. బజారులో దొరికే 16.5 పట్టా వేస్తే బండి సన్నకాళ్ల మీద నిలబడ్డట్టుంటుంది. సొంతంగా వెడల్పు పట్టా వేసుకుంటే చక్రాల ఇరుసులన్నీ మార్చాలి, పైగా మిత్రుల పట్టాల మీద తన బండి నడవదు. కంటికి నిజం ముఖ్యమా, నలుగురితో కలవడం ముఖ్యమా? దీనికి ఒక్క జవాబు లేదు, అందుకే వాదన ఆగదు. అయితే ఈ వాదనలో ఎవరైనా నోరెత్తాలంటే ముందు కొలబద్ద పట్టుకోవాలి. ఆధారం చూపించి మాట్లాడాల్సిన చోట విభేదం మనుషుల్ని విడదీయదు. నోటి దురుసుతనం అక్కడ లేదని అనను, కొత్తవాడి మొదటి బండిని చీల్చి చెండాడేవాళ్లు ఈ అభిరుచికి చేటు చేస్తున్నారు. అది మనుషుల దోషం, కొలత మీదుండే పట్టుదలది కాదు.

ఇది డబ్బున్నవాళ్లదని, ముసలివాళ్లదని, మగవాళ్లదని మరో మాట. మూడింట్లోనూ నిజం ఉంది. శబ్దాలతో నడిచే దిగుమతి ఇంజను మన డబ్బులో పాతిక వేలు దాటడం మామూలే. ఆడవాళ్లు ఇప్పటికీ తక్కువే, దానికి క్లబ్బులు సిగ్గుపడాలి. కానీ తలుపు తెరిచినప్పుడు ఏం జరుగుతుందో నీల్ యంగ్ ఉదంతం చెబుతుంది. ఈ కెనడా గాయకుడి కొడుకుకు సెరిబ్రల్ పాల్సీ. ఆ అబ్బాయి తన చేత్తో రైలు నడపాలని ఆయన పెద్ద బటన్‌తో పనిచేసే కంట్రోలర్ మీద కృషిచేశారు, లయనెల్ బొమ్మ రైళ్ల కంపెనీలో భాగస్వామి కూడా అయ్యారు. ఖర్చు సంగతికొస్తే, కలిసి కడితే భారం పంచుకోవచ్చు. పట్టా ఒకరిది, ఇంజను ఒకరిది, అట్టముక్కలతో స్టేషను కట్టే చేతి నేర్పు ఇంకొకరిది. మూడోది మొదటి రెండింటికన్నా తక్కువదేమీ కాదు.

మన సంగతికొస్తే, పుణేలో 1998 నుంచి జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. తెలుగు నేల మీద మోడల్‌కు పనికొచ్చే దృశ్యాలకు కొదవ లేదు. కొత్తవలస–కిరండూల్ కొండదారి, రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెనలు, కాజీపేట యార్డు ఉన్నాయి. గుంతకల్లు సంగతి ప్రత్యేకం. ఒకప్పుడు అది పెద్ద మీటర్ గేజ్ జంక్షను. మీటర్ గేజ్ హెచ్‌ఓలో 11.5 మిల్లీమీటర్లు. స్విట్జర్లాండ్ కొండ రైళ్ల కోసం 12 మిల్లీమీటర్ల పట్టా బజారులో సిద్ధంగా అమ్ముతున్నారు. మనం పీకేసిన లైనునే మోడల్‌గా దాదాపు సరైన కొలతలో వేసుకోవచ్చన్నమాట. కొరత పట్టాకు కాదు, సమాచారానికి. మీటర్ గేజ్ లైన్లను బ్రాడ్‌గేజ్‌గా మార్చడానికి 1992లో మొదలైన యూనిగేజ్ పథకంతో ఆ పట్టాలు పోయాయి. నీళ్ల స్తంభం ఏ లైను పక్కనుండేది, గూడ్స్ షెడ్డుకు ఏ పాయింటు మీదుగా వెళ్లేవారు, గార్డు బ్రేకువ్యాన్ ఎక్కడ వదిలేవారు అనేవి అక్కడ పనిచేసినవాళ్ల బుర్రల్లో ఉన్నాయి. మీ ఇంట్లోనో వీధిలోనో రిటైరైన స్టేషన్ మాస్టరు, గార్డు, పాయింట్స్‌మన్ ఎవరైనా ఉంటే ఈ ఆదివారం ఒక తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి వాళ్ల యార్డు గీయమని అడగండి. లైన్ల పేర్లు కూడా రాయించి, ఆ కాగితం మీద తేదీ వేసి దాచండి.