మత్తు విడుచు నింటికి ఇరుగుపొరుగు

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి కరోనా కారణముగా దేశమంతట రాకపోకలు నిలిచినవి. మద్యపు దుకాణములును మూతపడినవి. మా వీధి స్త్రీలలో పలువురు దానికి లోలోపల సంతసించిరి; నేనును సంతసించితిని. ఎదురింటి యిల్లాలు ప్రహరీగోడ యొద్దకు వచ్చి, "అక్కయ్యగారూ, పదేళ్లకు దేవుడు నా మొర విన్నాడండీ" అనెను. ఇంట దాచిన సీసాలేవైన నున్న పారబోయుమని నేనే యామెకు హితవు చెప్పితిని. ఆమె పారబోసినది. ఆ హితవు ఎంత కీడైనదో మూడవనాటి రాత్రిగాని నాకు తెలియలేదు.

మొదటి దినమున అతని చేతులు వణకినవి. రెండవ దినమున ఒడలెల్ల చెమటలు; కంటికి కునుకు లేదు. మూడవ రాత్రి గోడపై పురుగులు ప్రాకుచున్నవని కేకలు వేయుచు కన్నకొడుకునే గుర్తింపలేకపోయెను. గాలి సోకినదని ఒక పెద్దమ్మగారు తాయెత్తు తెప్పింపబోయిరి. ఇంతలో వెనుకవీధిలోని ముసలి కాంపౌండరుగారికి మావారు టెలిఫోను చేయగా, "గాలియు లేదు, ధూళియు లేదు, ఏండ్లతరబడి త్రాగినవాడు ఒక్కసారిగా మానినందున వచ్చిన చేటు ఇది, తక్షణమే ఆసుపత్రికి చేర్చుడు" అనిరి. 108 బండి వచ్చువరకు నలుగురు పురుషులతనిని పట్టియుంచిరి. పిల్లవానిని నేను తెచ్చి మా పిల్లలనడుమ పరుండబెట్టితిని. కొంత జాగైన ప్రాణము దక్కెడిది కాదని వైద్యుడు చెప్పెనట.

శాస్త్రగ్రంథములు చదివినదానను గనుక సురాపానము మహాపాతకములలో నొకటియని నాకు తెలియును. అది వ్యాధి యగుననిగాని, ఆ వ్యాధి విడుచునప్పుడు సైతము చంపగలదనిగాని తెలియదు. తరువాత అడిగి తెలిసికొన్నది వ్రాయుచున్నాను. నిత్యము అధికముగా త్రాగువాని మెదడు ఆ మత్తునకు ఎదురొడ్డి పనిచేయ నలవాటుపడును. మత్తు హఠాత్తుగా తొలగినచో ఆ యెదురుబలము పట్టపగ్గములు లేక విజృంభించును. కడపటి గ్రుక్క మొదలు 6 గంటలకో 8 గంటలకో వణకు ఆరంభమగును. 48 గంటలలోపల మూర్ఛలు రావచ్చును. 2వ దినము మొదలు 4వ దినమువరకు మతిభ్రమ కలుగవచ్చును. వైద్యుడు తగిన మందిచ్చి దానిని క్రమముగా తగ్గించును. బి1 విటమినును తప్పక యిచ్చును. కాబట్టి అట్టివానిని ఇంట బంధించి మాన్పింపజూచుట ధైర్యము కాదు, సాహసము. ఆ మార్చి చివరి దినములలోనే హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమునకు ఇట్టివారు గుంపులుగా వచ్చిరని పత్రికలు వ్రాసినవి. ఒక్క మా వీధి మాత్రమే కాదన్నమాట.

భారతమున అరణ్యపర్వమందలి నలోపాఖ్యానము మన మెన్నిమారులు విన్నను దమయంతి చేసిన దానిని గమనింపము. నలుడు జూదమున మునిగియుండగా ఆమె గుట్టు దాచుకొని గదిలో నేడ్వలేదు. మంత్రులను, పౌరులను వాకిటికి రప్పించినది. అతడు వారి మొగమైన చూడలేదు. అంతట వార్ష్ణేయుడను సారథిచేత బిడ్డలను కుండినపురమునకు, పుట్టినింటికి పంపినది. పరువు పోవునని మనము వాకిలి మూసికొనుచున్నాము. ఆ మహారాజ్ఞి తెరచినది.

మన కాలమున అట్లు వాకిలి తెరచినవారు నెల్లూరు మండల స్త్రీలు. 1990 తరువాతి యేండ్లలో అచ్చట వయోజన విద్యకై రాత్రిబడులు నడచినవి. అక్షరములు దిద్దుకొనుచు సారాకథ చదివిన స్త్రీలకు అది తమ యింటి కథయే యయ్యెను. దూబగుంటలో రోశమ్మ మొదలగువారు సారా దుకాణమును మూయించిరి. 1992లో ఆ నిప్పు ఊరూరికి ప్రాకినది. 1993 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలినది. శాసనములు వచ్చును, పోవును. రాత్రిబడిలో ప్రక్కప్రక్కన గూర్చుండి "మీ యింటను ఇంతేనా?" అని యొకతె నొకతె అడిగిన మాట మాత్రము ఏ ప్రభుత్వమును వెనుకకు తీసికొనజాలదు.

కాని దుకాణము మూయించుట వేరు. మానిన మనుష్యుని నిలబెట్టుట వేరు. చెన్నపట్టణమున శాంతీ రంగనాథన్ గారు తమ భర్తను త్రాగుడు బలిగొనగా ఇట్టివారికై 1980లో చికిత్సాసంస్థను స్థాపించిరి. మందుతోనే ముగియదని, ఇంటివారికిని శిక్షణ కావలెనని ఆ సంస్థ మొదటినుండి ఎంచినది. అమెరికాలో 1935లో ఇద్దరు త్రాగుబోతులు ఒకరికొకరు తోడై మానిన సంగతినుండి పుట్టిన సంఘము నేడు అనేక దేశములలో నున్నది. 1951లో వారి యిల్లాండ్రు తమకై వేరొక సంఘము నేర్పరచుకొనిరి. ఇది నాకు మిక్కిలి నచ్చినది. త్రాగువాని వ్యాధి గురించి అందరు నడుగుదురు. రాత్రులు తలుపుచప్పుడునకు చెవియొగ్గి చిక్కి శల్యమైనదాని మనస్సు గురించి అడుగువా రెవరు? ఎదురింటి యిల్లాలికి నెలలతరబడి నిద్రయు నాకలియు లేవు. ఆమెకును వైద్యుడు కావలసివచ్చెను. కేంద్రప్రభుత్వమువారు 2022 అక్టోబరు 10వ తేదీన ఆరంభించిన టెలిమానస్ 14416 సంఖ్యకు టెలిఫోను చేసినచో తెలుగుననే మాటలాడుదురు, రుసుము లేదు. మత్తు విషయమునకు 14446 కలదు.

మే 4వ తేదీన ఆంధ్రదేశమున దుకాణములు తెరచిరి. మా కందరకు గుండె జల్లుమన్నది. వేసవియెల్ల అతడు నిలిచెను గాని దసరాకు మరల త్రాగెను. "ఎంత చేసిననేమి" అని విసిగినవారిలో నేను నుంటిని, దాచుటెందుకు? కాంపౌండరుగారు మాత్రము, మధుమేహము మరల పెరిగిన తిట్టుదుమా, ఆసుపత్రికి పంపుదుము గదా యనిరి. మరల పంపితిమి. ఈసారి మేము చేసినది చిన్నపనియే: జీతము వచ్చు దినమున మావారు అతనితో గూడి నడచి వచ్చుట, పిల్లవాడు సాయంకాలము మా యింట పాఠములు చదువుకొనుట, వీధిలో నెవ్వరును "ఇంకను త్రాగుచున్నాడా?" అని యామె నడుగకుండుట. ఈ మూడవది కుదురుటకు సంవత్సరము పట్టినది.

మొన్న సంక్రాంతికి అతడే అరిసెల గిన్నె తెచ్చి నా చేతికిచ్చెను. చేతులు వణకలేదు. గిన్నె యింకను మా యింటనే యున్నది. ఉత్త గిన్నె తిరిగి పంపరాదు గదా, రేపు చలిమిడి చేయవలె ననుకొనుచున్నాను.