తెల్లబట్ట అంటే యంత్రం ఏమని రాసుకుంటుంది?

డాక్టరు, రోగి మాట్లాడుకుంటుంటే విని, ఆ మాటలను కేస్‌షీటుగా మార్చే ఏఐ సాఫ్ట్‌వేర్లు పెద్దాసుపత్రుల్లోకి వస్తున్నాయి. ఏఐ సాయంతో డాక్టర్లకు, నర్సులకు రోజుకు రెండు మూడు గంటలు మిగల్చాలనుకుంటున్నట్టు అపోలో ఆసుపత్రుల యాజమాన్యం 2025 మార్చిలో చెప్పింది. డాక్టరు కంప్యూటర్ వైపు కాకుండా రోగి ముఖం వైపు చూస్తాడన్నది ఇందులో అసలు ఆకర్షణ. చెయ్యి పట్టి నాడి చూడడానికే వెనకాడే వాళ్లను ఎదుర్కొన్న మన జనానికి అది చిన్న మాట కాదు.

దీనిమీద జనం ఏమనుకుంటున్నారు? తమ వైద్యంలో డాక్టరు ఏఐ మీద ఆధారపడితే ఇబ్బందిగా ఉంటుందని 2023లో ప్యూ రీసెర్చ్ సెంటర్ సర్వేలో 60 శాతం అమెరికన్లు చెప్పారు. దుమ్ముగూడెంలో ఇదే ప్రశ్న వేయాలంటే ముందు ఏ భాషలో వేయాలో తేల్చుకోవాలి.

గోదావరి ఒడ్డున, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో ఉన్న ఈ మండలంలో కోయలు ఎక్కువ. 19వ శతాబ్దంలో కోయల గురించి రాసిన మిషనరీ జాన్ కెయిన్ ఉన్నది ఇక్కడే. ఇంట్లో కోయ మాట్లాడే ఆడమనిషి డాక్టరు దగ్గరికొస్తే చాలాసార్లు గదిలో ముగ్గురుంటారు: ఆమె, ఆశా కార్యకర్త, డాక్టరు. ఆమె కోయలో నాలుగు మాటలు చెబుతుంది, ఆశా వాటిని తెలుగులో ఒక్క మాటకు కుదిస్తుంది. యంత్రం ఎవరి మాట రాసుకుంటుంది? తెలుగులోనే చెప్పినా చిక్కు తీరదు. ‘తెల్లబట్ట అవుతోంది’, ‘నెల తప్పింది’ అన్న మాటలు ఇంగ్లీషు కేస్‌షీటులో తెల్లటి గుడ్డగానో, పోయిన నెలగానో మారవని పూచీ ఏముంది?

ఇది ఊరికే అనడం లేదు. మాటను రాతగా మార్చే ‘విస్పర్’ను ఓపెన్ఏఐ 2022లో 6,80,000 గంటల ధ్వనితో తయారుచేసింది. అందులో రాతప్రతి ఉన్న తెలుగు మాటలు పట్టుమని పది గంటలు కూడా లేవు. రికార్డింగుల్లో సుమారు ఒక శాతంలో అది ఎవరూ అనని మాటలను కల్పించి రాసిందని, మౌనం ఎక్కువగా ఉన్నచోట ఇది పెరిగిందని 2024లో అమెరికా పరిశోధకులు తేల్చారు. డాక్టరు ముందు మన ఆడవాళ్లు ఎంతసేపు మౌనంగా ఉంటారో వేరే చెప్పాలా? విస్పర్ మీద కట్టిన ఒక ఆసుపత్రి సాధనం అసలు రికార్డింగును చెరిపేస్తుందని అదే ఏడాది అసోసియేటెడ్ ప్రెస్ రాసింది. తప్పు పడితే సరిచూసుకునే దారే ఉండదు.

మనుషులు రాసే కేస్‌షీట్లు పవిత్రమైనవేం కావు. షికాగోలోని ఒక వైద్యకేంద్రం రికార్డులు చదివిన పరిశోధకులకు, నల్లజాతి రోగుల గురించి ‘మాట వినడు’ తరహా ప్రతికూల వర్ణనలు రాసే అవకాశం తెల్లవారికంటే రెండున్నర రెట్లు ఎక్కువని 2022లో తేలింది. అలాంటి రాతలను చూసి నేర్చుకునే యంత్రానికి అదే చూపు అబ్బుతుంది.

సమ్మతి తీసుకుంటారు కదా అనొచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఒకదానిలో గానీ చదువుకునే వీలు ఉండాలి. ఆ 22లో కోయ లేదు, 2011 జనాభా లెక్కల్లో దాన్ని మాతృభాషగా చెప్పినవాళ్లు 4 లక్షల పైచిలుకు ఉన్నా సరే. దళితులకూ ఇక్కడ నష్టం ఉంది. 2019 బిల్లు కులాన్ని, తెగను, ఆరోగ్య వివరాలను ‘సున్నితమైన’ సమాచారంగా విడదీసి చూసింది, 2023 చట్టంలో ఆ విభజనే లేదు. పైగా దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో ప్రభుత్వ సంస్థలకు కేంద్రం మినహాయింపు ఇవ్వొచ్చు. సల్వాజుడుం కాలంలో ఊళ్లు వదిలి వచ్చిన గుత్తికోయలున్న ప్రాంతంలో ‘మీ మాట రికార్డవుతోంది’ అంటే ఏ అర్థం వస్తుందో హైదరాబాదులో కూర్చుని ఊహించడం కష్టం. గాయం ఎలా అయిందో, రాత్రి ఎక్కడున్నారో చెప్పకుండా ఊరుకుంటారు. వైద్యం అక్కడే దెబ్బతింటుంది.

అందుకే ఈ యంత్రం రావాలా వద్దా అన్నదానికంటే ఏ షరతులతో అన్నది ముందు తేలాలని మేం అంటున్నాం. నోట్సు సేవ్ చేసేముందు రోగికి కోయలో చెప్పి వినిపించాలి. రోగి ఒప్పుకునేదాకా అసలు రికార్డింగు చెరపకూడదు. వద్దంటే వైద్యం ఆగదన్న సంగతి డాక్టరు ఎదురుగా కూర్చున్నాక కాదు, ఓపీ చీటీ రాసే దగ్గరే చెప్పాలి. అక్కడైతే పక్కన ఊరివాళ్లుంటారు, అర్థం కానిది అడిగి తెలుసుకోవచ్చు.