రైలుబండ్ల లెక్కలు

పిల్లల లెక్కల పుస్తకములో రైలుబండ్ల యధ్యాయము వచ్చినంతనే పెక్కుమంది తల్లులు పుస్తకమును తండ్రి వంకకు జరుపుదురు. కూడిక, తీసివేత, భాగహారము తెలిసిన గృహిణికి ఆ యవసరము లేదు. అందు కఠినమైనది గణితము గాదు. ఏది కదలుచున్నది, దేనినుండి చూచుచున్నాము అను విచారమే. ఈ విచారము విడిచి సూత్రమును వల్లించిన బిడ్డ కూడవలసినచోట తీసివేయును. ఆడపిల్ల యైనచో, లెక్కలు నీకబ్బవను మాటయు బడును.

బండిలో కిటికీయొద్ద గూర్చుండిన సోదరీమణు లెల్లరు నెఱిగినదే: ఎదురుబండి రివ్వున దాటిపోవును. ప్రక్కపట్టాలమీద మన దిక్కునకే పోవు బండి యన్ననో ఎంతసేపటికిని కిటికీని విడువదు. రెంటి వేగము సమానమైనచో నిలిచియున్నట్లే తోచును. మొదటిచోట కంటికి గానవచ్చునది వేగముల మొత్తము. రెండవచోట వాని భేదము. 499వ సంవత్సర ప్రాంతమున ఆర్యభటుడు తన ఆర్యభటీయమున, గణితపాదమందు, ఈ విషయము నొక్క శ్లోకమున నిమిడ్చినాడు. ఎదురెదురుగా వచ్చువాని నడిమి దూరమును గతుల మొత్తముచేతను, ఒకే దిక్కునకు బోవువాని నడిమి దూరమును గతుల భేదముచేతను భాగించినచో గలియు కాలము వచ్చును. రైలుబండి పుట్టుటకు పదమూడు శతాబ్దములకు ముందే రైలులెక్క సిద్ధమైనదన్నమాట!

350 మీటర్ల పొడవుగల బండ్లు రెండు. ఒకటి గంటకు 72 కిలోమీటర్లు, రెండవది 54 కిలోమీటర్లు పోవును. కిలోమీటర్లను మీటర్లను గలగాపులగము చేయరాదు. బియ్యము కుంచములతోను పప్పు కిలోలతోను గొలిచి కలిపి వెలకట్టినట్లగును. గంటకు గల కిలోమీటర్లను 5చే గుణించి 18చే భాగించినచో సెకనుకు మీటర్లు వచ్చును. ఇచట 20, 15. ఎదురెదురుగా వచ్చినప్పుడు మొత్తము 35. ఇంజనులు కలిసినది మొదలు కడపటి పెట్టెలు విడిపోవువఱకు రెండు పొడవులును గడవవలయును గాన, 700ను 35చే భాగింపగా 20 సెకనులు. ఒకే దిక్కునకు బోవునప్పుడు భేదము 5. వడిగల బండి రెండవదానిని పూర్తిగా దాటుటకు 140 సెకనులు. అవే బండ్లు, ఏడురెట్ల కాలము!

పిల్లలు కాలుజాఱుచో టొకటి గలదు. కిటికీయొద్ద గూర్చున్న యామె యెదుట ఎదురుబండి యెంతసేపు సాగునని యడిగినచో రెండు పొడవులు గూడరాదు. ఆమెకు కావలసినది ఎదురుబండి పొడవు మాత్రమే. 350ని 35చే భాగింపగా 10 సెకనులు. వంతెనయు నిట్టిదే. రాజమహేంద్రవరముకడ 1997లో సిద్ధమైన రైలు కమానువంతెన పొడవు సుమారు 2,750 మీటర్లు. వంతెన కదలదు గాన వేగములు కూడ బనిలేదు. మన మొదటిబండి యంతయు దానిని దాటుటకు 3,100ను 20చే భాగింపగా 155 సెకనులు. గోదావరిలో కాసువేయ గోరి లేచిన యామెకు దొరకు వ్యవధి మాత్రము 137 సెకనుల పైచిలుకే.

మఱియొకటి. విజయవాడకు విశాఖపట్టణమునకు 350 కిలోమీటర్లు. విజయవాడనుండి ఉదయము 6 గంటలకు గంటకు 80 కిలోమీటర్ల వేగముతో ఒక బండియు, విశాఖనుండి 7 గంటలకు 55 కిలోమీటర్ల వేగముతో ఇంకొకటియు ఎక్కడను ఆగక వచ్చుచున్నవనుకొందము. మొదటి గంటలో ఒక్కటియే కదలినది గాన 80 తీసివేయవలయును. మిగిలిన 270ని మొత్తమగు 135చే భాగింపగా 2 గంటలు. అవి 9 గంటలకు, విజయవాడకు 240 కిలోమీటర్ల దూరమున, అన్నవరము దాపున కలిసికొనును.