బొమ్మల పుస్తకానికి కదలిక: మైకేల్ స్పోర్న్ అనుసరణలు

ఒక భాషలోని మాటను మరొక భాషలోకి తేవడం మాత్రమే అనువాదం కాదు. ఒక కళారూపంలోని కృతిని మరొక కళారూపంలోకి తేవడం కూడా అనువాదమే. పిల్లల బొమ్మల పుస్తకాన్ని కదిలే బొమ్మగా మార్చడం అటువంటి అనువాదాలలో మిక్కిలి సున్నితమైనది. ఆ పుస్తకంలో కథ సగం మాటలోను, సగం బొమ్మలోను ఉంటుంది. పుట ఎప్పుడు తిప్పాలన్నది చదివే బిడ్డ ఇష్టం. నచ్చిన బొమ్మ దగ్గర ఎంతసేపైనా ఆగవచ్చు, భయం వేస్తే వెనక్కు పోవచ్చు. తెర మీద ఆ స్వేచ్ఛ దర్శకుని చేతిలోకి పోతుంది. తీసుకొన్నదానికి బదులుగా అతడు బిడ్డకు ఏమి ఇస్తున్నాడు? ఈ ప్రశ్నకు మూడు దశాబ్దాలకు పైగా తన పనితోనే సమాధానం చెప్పినవాడు అమెరికా దేశపు స్వతంత్ర యానిమేషన్ దర్శకుడు మైకేల్ స్పోర్న్.

స్పోర్న్ 1946లో న్యూయార్క్‌లో జన్మించినాడు. 1970వ దశకంలో జాన్ హబ్లీ, ఫెయిత్ హబ్లీ దంపతుల వద్ద పని నేర్చినాడు. జాన్ హబ్లీ 1941 నాటి సమ్మె తరువాత డిస్నీ సంస్థను విడిచినవాడు. తన పిల్లలు ఆడుకొంటూ చెప్పుకొన్న మాటలనే ఆధారంగా తీసుకొని 1959లో ‘మూన్‌బర్డ్’ అనే చిత్రం నిర్మించి ఆస్కార్ బహుమానం పొందినాడు. పెద్ద సంస్థ అండ లేకుండా కూడా గొప్ప చిత్రం తీయవచ్చునన్న పాఠం స్పోర్న్‌కు ఆ ఇంట దొరికినది. 1980లో అతడు న్యూయార్క్‌లోనే స్వంత స్టూడియో పెట్టుకొని, 2014లో కన్నుమూసేవరకు దానిని నడిపినాడు.

స్వతంత్రుడంటే ఎంత భారం మోయవలసి ఉంటుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు కంటి ముందు సాగిపోతాయి. ఒక్కొక్క బొమ్మను రెండేసి చిత్రాలకు నిలిపినా పది నిమిషాల కథకు 7,200 బొమ్మలు కావాలి. పెద్ద సంస్థ ఆ పనికి వందలమందిని నియమిస్తుంది. చిన్న స్టూడియోకు ఆ శక్తి లేదు. అందుచేత ఎక్కడ కదలిక అవసరమో, ఎక్కడ బొమ్మ నిశ్చలంగా ఉన్నా మాటయో సంగీతమో కథను నడుపుతుందో ముందే తేల్చుకోవాలి. మన తోలుబొమ్మలాటలోనూ ఇదే జరుగుతుంది. బొమ్మ ఎల్లవేళలా కదలదు. తెర వెనుక పాట సాగుతూ ఉంటే బొమ్మ ఒక్క చేయి ఎత్తినా ప్రేక్షకునికి యుద్ధమంతా కనబడుతుంది. పేదరికం నేర్పిన పొదుపు స్పోర్న్ చేతిలో శైలిగా మారినది.

అతని అనుసరణలలో పేరెన్నిక గన్నది ‘డాక్టర్ డిసోటో’. దీని మూలం విలియం స్టైగ్ 1982లో వెలువరించిన పుస్తకం. డిసోటో పళ్ళ వైద్యుడు, జాతికి ఎలుక. అపాయకరమైన జంతువులకు వైద్యం చేయనని బోర్డు కట్టినవాడు. ఒకనాడు పంటినొప్పితో ఏడుస్తూ నక్క వస్తుంది. ఆలుమగలు జాలిపడి లోనికి రానిస్తారు. నొప్పి తీరగానే వైద్యుణ్ణి తినాలని నక్క ఆలోచన. మందు పేరుతో నక్క దవడలను అతికించి పంపడం ఎలుకల ఉపాయం. స్టైగ్ గీత కొంచెం వణుకుతూ, ఇంటి మనిషి చేవ్రాలువలె ఉంటుంది. ఆ వణుకును స్పోర్న్ సరిదిద్దలేదు. ఆ గీతనే కదిలించినాడు. ఈ చిత్రం 1984 సంవత్సరపు లఘు యానిమేషన్ చిత్రాల విభాగంలో ఆస్కార్ పరిశీలనకు ఎంపికైనది.

ఈ స్టైగే 1990లో ‘ష్రెక్!’ అనే సన్నని పుస్తకం వ్రాసినాడు. 2001లో ఒక పెద్ద సంస్థ దానిని కంప్యూటర్ బొమ్మల సినిమాగా తీసినప్పుడు ప్రపంచమంతా చూసినది, నవ్వినది. కాని అందులో స్టైగ్ గీత జాడ లేదు. మొక్కనుంచి కొమ్మ తీసి వేరొకచోట అంటు కట్టడం ఒక పని, మొక్కను మన్నుతో సహా పెకలించి నాటడం మరొక పని. రెండూ తోటపనులే. అయితే రెండవ పనిలో వేరు తెగకుండా చూచుకొనే ఓపిక కావాలి. స్పోర్న్‌ది ఆ ఓపిక.

ఇటువంటి విశ్వాసానికి మరొక పరీక్ష 2005లో వచ్చినది. ఫ్రెంచి తీగనడక కళాకారుడు ఫిలిప్ పెటీ 1974 ఆగస్టు 7న న్యూయార్క్ జంట గోపురాల నడుమ తీగ కట్టి, ఆకాశంలో సుమారు 45 నిమిషాలు గడిపినాడు. 2001 సెప్టెంబరు 11న ఆ గోపురాలు కూలిపోయినవి. 2003లో మోర్డికై గెర్‌స్టీన్ ఈ ఉదంతాన్ని పిల్లల పుస్తకంగా వ్రాసి బొమ్మలు గీసినాడు. అందులో మడత విప్పే పుటలున్నవి. విప్పిన కొద్దీ ఎత్తు పెరిగి, చదువరి కాళ్ళలో జంకు పుడుతుంది. తెరకు మడతలు లేవు. అక్కడ ఎత్తును చూపవలసినది కాలమే: దృశ్యం ఎంతసేపు నిలవాలి, మాట ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయమే. నగరం కోల్పోయినదాన్ని ఆ నగరపు బిడ్డయే పది నిమిషాల చిత్రంగా చెప్పినాడు.

అయితే స్పోర్న్ ప్రతిచోటా మూలాన్ని అక్షరాలా పట్టుకొని వ్రేలాడలేదు. ఆండర్సన్ వ్రాసిన అగ్గిపుల్లల పిల్ల కథను అతడు నేటి న్యూయార్క్‌కు తెచ్చి, ఇల్లులేని నిరుపేదల నడుమ నిలిపినాడు. ఇందులో వైరుధ్యం లేదు. సజీవుడైన రచయిత తన చేతితో గీసిన పుస్తకం వేరు, లోకం సొత్తయిన పాత కథ వేరు. వ్యాసభారతాన్ని నన్నయ తెలుగు కావ్యంగా తీర్చినప్పుడు తీసుకొన్న స్వేచ్ఛను ఎవరూ ద్రోహమనలేదు. ఎక్కడ ఒదగాలో, ఎక్కడ స్వతంత్రించాలో ఎరిగినవాడే మంచి అనువాదకుడు.

ఈ మార్గానికి మూల్యం లేకపోలేదు. 2007లో న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాల అతని చిత్రాలను వరుసగా ప్రదర్శించి గౌరవించినది. అయినా ఎడ్గార్ ఎలన్ పో జీవితంపై అతడు తలపెట్టిన పూర్తి నిడివి చిత్రం అసంపూర్ణంగానే మిగిలిపోయినది. గౌరవం లభించినంత సులభంగా పెట్టుబడి లభించదు.

తెలుగు రచయితలకు ఈ జీవితం దూరపు ముచ్చట కాదు. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ కొన్ని తరాల పిల్లలకు మాటతోపాటు బొమ్మను కూడా చదవడం నేర్పినది. ముళ్ళపూడి వెంకటరమణ బుడుగును బాపు గీతనుంచి విడదీసి ఊహించగలవారెవరు? రేపు ఎవరైనా బుడుగును తెర మీద నడిపిస్తే, గుండ్రని కొత్త బొమ్మ ఒకటి చేసి దాని నోట పాఠ్యపుస్తకపు తెలుగు పెట్టడం తేలిక. ఆ గీతలోని అల్లరినీ, ఆ మాటలోని గోదావరి యాసనూ నిలపడమే కష్టం. ఆ కష్టం చిత్రకారుడొక్కనిది కాదు. తన కథలో ఏది మారవచ్చునో, ఏది మారరాదో చెప్పగలవాడు రచయితయే. ఆ మాట తెగించి చెప్పే రచయితా, దానిని చెవినబెట్టే చిత్రకారుడూ కలిసినప్పుడే మన బొమ్మల పుస్తకాలు తమ ముఖం పోగొట్టుకోకుండా కదులుతాయి.